బాలింత పిల్లిని ముట్టొద్దన్నారు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మేడమ్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతారు. సర్కస్ ఏనుగో, రేసు గుర్రమో చెబుతానని ఆశ. నేను అరచేతిలో పట్టే రెండు పిల్లికూనల సంగతి ఎత్తుతాను. వాళ్ళ మొహాలు వాడిపోతాయి. వాడనివ్వండి. ఏనుగులు మీ దగ్గరికి రావు, పిల్లులు వస్తాయి.

ప్రమోషన్లు, బదిలీలు, వాటికోసం ఎవరు ఎవరి గడప తొక్కారు అన్నవి ఇక్కడ రాయను. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే. నాకు స్థిమితం తక్కువ. చిన్నప్పటి నుంచీ మా అమ్మ "కాలుగాలిన పిల్లి లెక్క ఏం తిరుగుతవే, ఒక్కతాన కూసో" అని తిడుతూనే ఉండేది. రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు. ఇది రాస్తూ కూడా లేస్తున్నాను, కిటికీ దగ్గరికి పోతున్నాను, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను. కాబట్టి వరస తప్పితే సర్దుకోండి.

ఎలుకకు పెళ్ళిభోజనం

మాది సోలాపూర్. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. అశోక్ చౌక్ దాటి లోపలి సందుల్లోకి వెళితే ఏ ఇంటి గోడ మీద చెయ్యి పెట్టినా అదురుతుంది. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. సాంచాల చప్పుడుకు మాకు నిద్ర పడుతుంది, కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది.

నూలుకు గంజి పెడతారు. గంజి పట్టిన నూలంటే ఎలుకకు పెళ్ళిభోజనం. చద్దరు కోసం బీముకు, అంటే పెద్ద రోలరుకు, చుట్టి పెట్టిన నూలులో ఎలుక ఒక్కచోట పన్ను పెట్టిందా, ఆ లోతున పోగులన్నీ తెగిపోతాయి. అతకడానికి కూర్చున్న మనిషి పూట తరవాత పూట అక్కడే. అందుకే ప్రతి కార్ఖానాకూ ఒక పిల్లి ఉండాలి. కుక్కను పెంచితే సోకు అనేవాళ్ళు కానీ పిల్లిని ఇంట్లో పనిచేసే మనిషిలాగే చూసేవాళ్ళు. కొత్తగా సాంచాలు పెట్టుకున్న వాళ్ళకు దగ్గరి చుట్టాలు ఒక పిల్లికూనను ఇవ్వడం మా వాడలో మర్యాద. సాంచాకు కొబ్బరికాయ కొట్టడం ఎంత ముఖ్యమో అదీ అంతే.

తొంభైల మధ్యలో ఆ కార్ఖానాల పిల్లులు చిక్కిపోవడం మొదలైంది. చిగుళ్ళ నిండా పుండ్లు, నోట్లోంచి చొంగ. గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, ఒక ముద్ద నోట పెట్టి, నొప్పికి వెనక్కి గెంతేవి. నేను పనిచేసే పశువుల దవాఖానాకు వచ్చేవి ఎక్కువగా ఎద్దులు, బర్రెలు, మేకలు. సంచిలో పిల్లిని తెస్తే కాంపౌండర్లు మొహం తిప్పుకుని నవ్వేవాళ్ళు. నవ్వనివాడు మా పెద్ద డాక్టరు ఒక్కడే. మరాఠీ మనిషి, అందరం సాహెబ్ అనేవాళ్ళం. గొప్ప చెయ్యి, గొప్ప చదువు. నోటికి మాత్రం అదుపు లేదు. ఆయనే ముంబయిలో ఉన్న స్నేహితుడిని పట్టుకుని, అప్పటికి మా ఊళ్ళో ఎవరూ చూడని పరీక్ష కిట్లు కొన్ని తెప్పించాడు.

ఆ కిట్ ఒకే రక్తంలో రెండు రోగాలను వెతుకుతుంది. ఒకటి పిల్లుల ల్యుకేమియా వైరస్. ఒకే గిన్నెలో తినడం, ఒకదాన్నొకటి నాకడం వల్ల, తల్లి నుంచి కూనకు వస్తుంది. రెండోది ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్. ఒంటికున్న కాపుదలను మెల్లమెల్లగా తినేస్తుంది. పోట్లాటలో లోతుగా కరుచుకుంటే అంటుకుంటుంది. రెండూ పిల్లులకే, మనిషికి రావు. ఈ ముక్క కింద గీత పెట్టుకోండి, చేతనైతే రెండు గీతలు పెట్టుకోండి.

చిన్న పళ్ళెం లాంటి దాంట్లో రక్తం, మందు కలిపి పోస్తే కాసేపటికి నీలం చుక్కలు తేలతాయి. ఒక చుక్క పరీక్ష సరిగా నడిచిందని చెప్పడానికి. మిగతా రెండు చుక్కల జాగాలు రెండు రోగాలకు. అందులో ఒక తిరకాసు ఉంది. ల్యుకేమియా విషయంలో ఆ పరీక్ష వైరస్ తాలూకు ముక్కనే పట్టుకుంటుంది. రెండోదాని విషయంలో వైరస్‌ను కాదు, దానితో పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకున్న యాంటీబాడీలను పట్టుకుంటుంది. ఆ యాంటీబాడీలు తల్లి పాలతో కూనకు వచ్చినవైనా సరే, పరీక్షకు తేడా తెలియదు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని లెక్కచెయ్యకపోతే ఏమవుతుందో నేను చూశాను.

రాజవ్వ ఇంట్లో

మా పక్క సందులో రాజవ్వ ఉండేది, చిన్నమ్మా అని పిలిచేదాన్ని. మొగుడు పోయాక బీడీలు చుట్టడమే ఆమెకు ఆధారం. ఆమె పిల్లి పేరు బూరి, బూడిదరంగుది. తునికాకు తడిపి గోనెపట్టాలో చుట్టిపెడితే, ఆ చల్లదనానికి బూరి దాని మీదే పడుకునేది. బూరికి రెండు కూనలు. రాజవ్వ మరిది నర్సయ్య అప్పుడే సొంతంగా సాంచాలు పెట్టుకున్నాడు. ఒక కూన అతనిదని అవి కళ్ళు తెరవకముందే మాటైపోయింది. తను ఇంతకుముందు పనిచేసిన కార్ఖానాలో పిల్లులు చావడం చూసినవాడు గనక, "ఒక్కపారి దవాఖానాల చూపిద్దాం వదినే, తర్వాత తీస్కపోత" అన్నాడు.

నేను సామాను పట్టుకుని వెళ్ళాను. ముందు తల్లి రక్తం తీస్తానన్నాను. రాజవ్వ ఒళ్ళోంచి చాట దించేసింది.

"నక్కో బిడ్డా, వద్దు! బాలింతను ముడుతవా? ముట్టినవంటే పిల్లలను నోట కరుసుకొని ఇల్లు మారుతది. ఏడిండ్లు తిరుగుతది. బాలింత పిల్లి అలిగిపోయిన ఇంట్ల లక్ష్మి నిలువదు."

పక్కన కూర్చుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళంతా అవునవునన్నారు. నేనూ ఆ సందుల్లో పుట్టినదాన్నే, ఆ మాట వింటూ పెరిగినదాన్నే. పైగా సాహెబ్ కూడా బయల్దేరేటప్పుడు అదే చెప్పి పంపాడు. కిట్లు తక్కువున్నాయి, కార్ఖానాలకు పోయేవి కూనలే గనక వాటికే చెయ్యి, తల్లి మీద దండగ చెయ్యకు అని. అంటే తల్లిని ముట్టొద్దని మా వాడా అంది, మా ఆఫీసూ అంది. కారణాలు వేరు, మాట ఒకటే. ఆచారమూ ఆఫీసూ ఒకేమాట మీద ఉన్నాయంటే ఎవరో ఒకరు సరిగా ఆలోచించలేదని నా అనుభవం. కూనకు ఏముందో తెలియాలంటే తల్లిని చూడాలి. మీరెప్పుడైనా కూనల పరీక్షకు వెళ్తే ముందు తల్లి ఎక్కడ అని అడగండి.

బూరి బయటికి వెళ్ళేదాకా ఆగి కూనలను పట్టుకున్నాను. మెడమీది తోలు పట్టి వేలాడదీయకండి, భయంతో బిగుసుకుపోతాయి. మందంగా ఉన్న టవల్‌లో చుట్టండి. మా సోలాపూర్ టవల్‌కు దేశమంతా గిరాకీ ఉంది గానీ దాని అసలు గొప్ప నాకే తెలుసు. కూన గోళ్ళు ఆ పోగుల్లో చిక్కుకుని మన చేతిదాకా రావు. గొంతు పక్కన నరం, సన్న సూది, మెల్లగా. రెండు కూనలూ కీచుమన్నాయి, అంతే.

దవాఖానాలో పరీక్ష చేశాను. రెండింటికీ ల్యుకేమియా చుక్క రాలేదు. రెండో చుక్క మాత్రం నీలంగా తేలింది, రెండింటికీ.

సాహెబ్ నోరు

నర్సయ్య అక్కడే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సాహెబ్ పళ్ళెం చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, "హా మాంజరాంచా ఎయిడ్స్ ఆహే" అన్నాడు. ఇది పిల్లుల ఎయిడ్స్ అని. అని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

డాక్టర్లు తమలో తాము అలా అనుకుంటారు, నిజమే. అర్థం కావడానికి ఒక పోలిక. కానీ ఆ రోజులు ఎలాంటివి! ఆ పేరు ఊళ్ళో గోడల మీద పుర్రె బొమ్మతో ఉండేది. మంగలి దుకాణంలో బ్లేడు మార్చావా అని కొట్టుకునేవాళ్ళు. నేను నర్సయ్య వెనక గేటుదాకా పరుగెత్తాను. అది మనిషికి రాదని, కూనలకు కూడా నిజంగా ఉందో లేదో ఇప్పుడే తెలియదని చెప్పాను.

"డాక్టరమ్మా, నువ్వు మనోళ్ళ పిల్లవు, కాదన" అన్నాడు. "నీ సాహెబ్ పెద్దోడు. ఆయన ఎయిడ్స్ అన్నంక నువ్వు ఇంకోటి చెప్తే ఎవరు ఇంటరు?"

మరునాటికి సందంతా తెలిసిపోయింది. రాజవ్వ పక్కన కూర్చునే ఆడవాళ్ళు చాటలు ఎత్తుకుని అవతలి అరుగుకు మారారు. పిల్లలను ఆ గుమ్మం ముందు ఆడనివ్వలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ బీడీ కార్ఖానాలో పడింది. చుట్టిన బీడీలను చూసి తీసుకునే చెకర్ అదే సందులో ఉంటాడు. రాజవ్వ కట్టలను ముట్టనైనా ముట్టలేదు.

ఆమె చెప్పులైనా లేకుండా దవాఖానాకు వచ్చింది.

"ఏంది బిడ్డా ఇది? నా నోట్ల మన్నుగొట్టినవు గదా! 'నీ పిల్లి ఆకు మీద పండుకుంటదట, బీడీ నోట్ల పెట్టుకునేది, నేను తీసుకోను పో' అంటడు చెకరు. పిల్లులను సంపితే తీసుకుంటడట. మరిది సూది ఏయించుమంటుండు. చెప్పు, సంపాల్నా?"

"వద్దు చిన్నమ్మా" అన్నాను. తల్లి ఒంట్లో రోగంతో పోరాడే బలం ఉంటే అది పాలతో కూనకు వస్తుందని, పరీక్ష ఆ బలాన్నే చూసి రోగమనుకుని ఉండొచ్చని చెప్పాను. ఆ అరువు తెచ్చుకున్న బలం ఆరు నెలలకు పోతుంది. అప్పుడు మళ్ళీ చూడాలి. అప్పటిదాకా బయటి పిల్లులతో కొట్లాడకుండా ఇంట్లోనే ఉంచాలి.

"ఆర్నెల్లా? ఆర్నెల్లు నేనేం దినాలె?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "బాలింతను ముట్టొద్దు అని నేనే అంటి. గిప్పుడు సంపు అని నేనే అంటనా?" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సాహెబ్‌తో గట్టిగానే మాట్లాడాను. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆ మాటకొస్తే పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. రోగిని చూసి మాట్లాడటం అందరూ నేర్చుకుంటారు. ఆ రోగిని తెచ్చిన మనిషి ఏం విని ఇంటికి పోతున్నాడో చూసుకోవడం మా కాలేజీలో ఎవరూ నేర్పలేదు. మీ కాలేజీల్లో నేర్పుతున్నారేమో నాకు తెలియదు.

ఆగడం

సూది వెయ్యడం నేర్పుతారు, కొయ్యడం కుట్టడం నేర్పుతారు. ఆగడం నేర్పరు. ఆ ఆరు నెలలు నేను పడ్డ అవస్థ ఏ పెద్ద ఆపరేషన్‌కూ పడలేదు. పని లేకపోయినా మోపెడ్ ఆ సందులోంచే తిప్పేదాన్ని. రాజవ్వ తన అక్క ఇంటికి పోయి, అక్కతో కలిసి చుట్టి, అక్క కట్టల్లోనే కలిపి ఇచ్చేది. మధ్యలో పరుగున వచ్చి పిల్లులకు ఇంత పాలు, రొట్టె పెట్టి మళ్ళీ పరుగు. ఆ సందులో పగటిపూట తలుపు వేసుకునే ఇల్లు ఉండదు. ఆమె తలుపు మాత్రం ఎప్పుడూ గొళ్ళెం పెట్టే ఉండేది. లోపల బూరి తలుపు గీకుతూ అరిచేది. బయట నేను హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఆ అరుపు వినేదాన్ని. ఎవరో ఒకరు వచ్చి "ఇంక సావలేదా?" అని అడిగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది.

దవాఖానాలో ఇంకా రెండే కిట్లు ఉన్నాయి. ఫ్రిజ్‌లో టీకామందుల వెనక దాచాను. కరెంటు పోతే చాలు, ఏ పనిలో ఉన్నా లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. కాంపౌండర్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

ఇంతకన్నా నన్ను తినేసింది ఇంకోటి. కూనలకు రోగముందని తేలితే అందరికీ చెడ్డే. లేదని తేలితే? పాలతో వచ్చిన యాంటీబాడీలే అని అర్థం. అవి రావాలంటే బూరికి రోగం ఉండాలి. అంటే నేను మంచి కబురు తీసుకెళ్ళినా, దాని లోపలే చెడ్డ కబురు ఉంటుంది. కూనలు బాగున్నాయని చెప్పగానే రాజవ్వ బీడీలు తీసుకుంటారు. తల్లికి ఉందని చెప్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

సాహెబ్‌ను అడిగాను. ఈసారి ఆయన గొంతు తగ్గించాడు.

"తల్లి సంగతి నిన్ను ఎవరడిగారు? కూనలు నెగటివ్ అని చెప్పు, వచ్చెయ్. ఆ వాడలో మళ్ళీ నోరు తెరవకు."

అవసరం లేనప్పుడు నోరు జారిన మనిషి, అవసరమైనప్పుడు నోరు కట్టుకోమంటున్నాడు. చాలామంది పెద్దల వరస ఇదే. కానీ ఆయన మాట నాకు తీపిగానే వినిపించింది. రాజవ్వ తినాలి కదా. సందు మలుపు తిరిగినా ఏం చెప్పాలో తేల్చుకోలేదు.

రాజవ్వ అడిగింది

రెండోసారి పరీక్ష దవాఖానాలో చెయ్యలేదు. థర్మాస్‌లో ఐసు వేసి కిట్లు రాజవ్వ ఇంటికే తీసుకెళ్ళాను. చుక్క తేలినా తేలకపోయినా అందరి కళ్ళముందే కావాలనుకున్నాను. గుమ్మం నిండా మనుషులు. నర్సయ్య లోపలికి వచ్చాడు. చెకర్ మెట్టు కింద ఆగాడు. పక్కింటి ఎల్లవ్వ, ముసలామె, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తొంగిచూస్తోంది.

కూనలు ఇప్పుడు ఒళ్ళు చేశాయి, పట్టుకోవడానికి చెమట పట్టింది. రక్తం పోశాక చుక్క కోసం చూడాలి. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. రాజవ్వ మాత్రం కదల్లేదు. బూరి ఆమె మోకాలి పక్కన పడుకుని ఉంది.

పరీక్ష నడిచిందని చెప్పే చుక్క వచ్చింది. ఇంకేమీ రాలేదు. రెండో కూనకూ అంతే.

"లేదు" అన్నాను. "రెండింటికీ ఏ రోగమూ లేదు."

నర్సయ్య చప్పట్లు కొట్టాడు. "వదినే, నా కూనను ఇయ్యి ఇగ! పసుపు కుంకుమ పెట్టియ్యి" అని నవ్వాడు. ఎవరో టీ పెట్టమన్నారు. అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. సామాను సర్దుతున్నాను.

"బిడ్డా" అంది రాజవ్వ. "తల్లికి ఉంటెనే పాలల్ల పిల్లలకు ఆ బలం వస్తదంటివి. అప్పుడు పిల్లలకు వచ్చింది నిజమే గదా. మరి బూరికి ఉన్నట్టేనా?"

ఆరు నెలలు ఆ సగం మాటను మనసులో పెట్టుకుని తిరిగింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె కూడా ఆ గొళ్ళెం లోపల అదే ఆలోచిస్తూ ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు. సాహెబ్ మాట గుర్తొచ్చింది. లేదు అనడానికి ఎంతసేపు? బూరికి పరీక్ష చెయ్యడానికి కిట్ కూడా లేదు, నన్ను కాదనేవాళ్ళెవరూ లేరు. ఆమె మొహం చూశాక నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఉన్నట్టే, చిన్నమ్మా."

గుమ్మంలో గొణుగుడు మొదలైంది. చెకర్ తల అడ్డంగా ఊపాడు. నర్సయ్య చేతిలోని కూనను కింద దించాడు.

"నాకు అంటుతదా?" అని రాజవ్వే మళ్ళీ అడిగింది.

"అంటదు."

"బీడీ తాగెటోనికి?"

"అంటదు. పిల్లి నుంచి పిల్లికే, అదీ గట్టిగా కరిస్తేనే. మనిషికి రానేరాదు."

నేను వంగి బూరిని ఎత్తుకున్నాను. ఇన్ని నెలల్లో దాన్ని ముట్టింది అదే మొదటిసారి. పెద్ద బరువేమీ లేదు. నా చీర కొంగులో గోళ్ళు దింపి, చిరాగ్గా నా మొహంలోకి చూసింది. ఏడుపొచ్చింది, అందరిముందూ ఏడ్చాను.

రాజవ్వ గుమ్మం వైపు తిరిగింది.

"ఇన్నరు గదా. నా పిల్లికి రోగమున్నది. దాసేది లేదు. ఇన్నొద్దులు నా పక్కల్నే పన్నది, నేనేమన్న సచ్చిన్నా? సంపుమంటె సంప. ఇంట్లనే కట్టేసుకొని సాదుకుంట."

ఎల్లవ్వ ముక్కు మీది కొంగు తీసింది.

"ఇగో చెకరూ" అంది. "ఈ డాక్టరు పిల్ల, రోగం లేదని చెప్పి పోవచ్చు. పోయిందా? ఉన్నదని చెప్పే. సెడ్డను దాయనిది, అంటదు అని మాత్రం అబద్ధమెందుకు ఆడుతది? దేవుని సాచ్చి, నేను రేపటి సంది ఈడనే కూసుంట."

నర్సయ్య కిందికి దించిన కూనను మళ్ళీ ఎత్తుకున్నాడు. సిగ్గుపడ్డాడేమో, ఎవరి వైపూ చూడలేదు. చెకర్ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు.

"బరా" అన్నాడు చివరికి, సరే అని. "రేపు కట్టలు తేపో. పిల్లిని మాత్రం ఆకు మీద పండనియ్యకు."

"ఆడనే పండుకుంటది" అంది రాజవ్వ. "అది దాని జాగ. ఆకే ఇంకోతాన పెడ్త."